మనమా, మేమా

కళ్ళజోళ్ళ షాపు మేడ మీద శనివారం సాయంత్రం చేరేవాళ్ళలో వదినకి ఉన్నంత నోరు మరొకరికి లేదు. ఆ సంగతి ఆమె ఎదురుగానే అంటారు, ఆమె కూడా కాదనదు.

అక్కడ చేరేది టీవీ సీరియళ్ళ గురించి మాట్లాడుకోవడానికి. అత్తాకోడళ్ళ సీరియళ్ళు కాదు. గ్రహాల మీదికి ఓడలు వెళ్ళేవి, రాజ్యాల మీదికి డ్రాగన్లు వచ్చేవి. షాపాయనకి ఆ పిచ్చి ముందు నుంచీ ఉంది. కళ్ళు పరీక్ష చేసే పైగదిలో పెద్ద టీవీ పెట్టించి, కుర్చీలు వేయించి, ఇద్దర్ని ముగ్గుర్ని పోగేశాడు. అక్షరాల చార్టు మాత్రం గోడ మీద అలాగే ఉంచాడు. వాదన ముదిరితే ఎదుటివాళ్ళని కింది వరస చదవమనడం అక్కడ ఆనవాయితీ. చదవలేకపోతే సగం ఓడినట్టే.

వచ్చేవాళ్ళలో పెద్దవారు రాళ్ళ మాస్టారు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. తెర మీద ఏ గ్రహం కనపడ్డా ముందు అక్కడి కొండల మీద అభ్యంతరం చెప్పి, ఆ తర్వాతే కథలోకి దిగుతారు. ఇంకొకామె బ్యాంకు పిల్ల. వారమంతా కౌంటర్ వెనక నవ్వు పులుముకుని కూర్చుని, శనివారం వచ్చి డ్రాగన్ల తరఫున వకాల్తా పుచ్చుకుంటుంది. వదిన పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి దిగింది కాబట్టి అందరికీ సిస్టర్ గారు. ఆమె వెనకే టీ ఫ్లాస్కు పట్టుకుని ఆడపడుచు. ఆడపడుచుకి నలభై దాటి చాలాకాలమైంది. అయినా ఇంట్లో పిలిచే పేరు అమ్మడు. వదిన నోటి నుంచి ఆ పేరు మేడ కూడా ఎక్కింది.

వదిన రిటైరైన ఏడాదే అమ్మడి అన్నయ్య పోయాడు. అటు వార్డూ లేదు, ఇటు మనిషీ లేడు. వార్డంతా వినపడేలా మాట్లాడిన మనిషి, ఆ తర్వాత కుక్కర్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. కూత వేస్తే "ఆ, వింటున్నా" అనేది, అంతే. అద్దాలు మార్పించుకోవడానికని అమ్మడే ఆమెని షాపుకి లాక్కెళ్ళింది. పైన టీవీలో ఎవరో అంతరిక్షంలో కత్తిపోటుకి కట్టు కడుతున్నారు. "అలా కడితే చెయ్యి కుళ్ళిపోతుంది" అంది వదిన, ఎవరూ అడక్కుండానే. షాపాయన ఒక కుర్చీ లాగి ఇచ్చాడు. అప్పటి నుంచి అది సిస్టర్ గారి కుర్చీ. శనివారం మొదటి మాట ఆ కుర్చీలోంచే వస్తుంది.

ఆమె అభిప్రాయాలు ఆమెవి. మూడొందల మంది ఎక్కిన ఓడలో ఒక్క నర్సూ కనపడదు, బట్టలు ఎక్కడ ఉతుకుతారో తెలీదు, పైగా విశ్వాన్ని కాపాడతారట. బ్యాంకు పిల్ల చూసే డ్రాగన్ల సీరియల్‌లో యుద్ధాలన్నీ చీకట్లోనే జరుగుతాయి. అందులో ఎవరు చచ్చారో మర్నాడు పేపర్లో చూసుకోవాలి అంటుంది వదిన. షాపాయన అలాంటి సీరియళ్ళే రావాలని, ప్రతి యుద్ధం తర్వాత తనకి బేరాలు పెరుగుతున్నాయని అంటాడు. మాస్టారికి కోపం వేరే. ఎనిమిది భాగాలు చూపించి రెండేళ్ళు ఆగమంటే, ఆ లోపల తన వయసువాళ్ళు ఉండాలా పోవాలా అని ఆయన బాధ.

ఈ ఏడు మాత్రం నలుగురూ ఒకే సీరియల్ మీద పడ్డారు. దాని పేరు 'తొమ్మిదో రేవు'. ఓడ కూలిపోయి ఒక పైలట్ పిల్ల తెలియని గ్రహం మీద పడిపోతుంది. అక్కడ సరస్సులో బతికే నీలిరంగు మనుషులుంటారు. వాళ్ళలో ఒక వైద్యురాలు ఈ పిల్లని గుహలో పడుకోబెట్టి సేవ చేస్తుంది. మూడో భాగంలో ఆ వైద్యురాలు పైలట్ తల నిమురుతూ అంటుంది: "మనం భయపడకూడదు. మనకి బాగవుతుంది. లేచాక మనం నీళ్ళ దగ్గరికి వెళ్దాం."

వదిన ఆ మనం పట్టుకుంది.

మరుసటి శనివారం కుర్చీలో కూర్చోగానే తేల్చి చెప్పింది. ఆ పైలట్ మనుషుల పిల్ల కాదు. నీలివాళ్ళ పిల్లే. చిన్నప్పుడెప్పుడో ఎవరో ఎత్తుకుపోయారు. వైద్యురాలికి ఆ సంగతి తెలుసు. తెలియకపోతే మేము అనేది కదా, మనం అని ఎందుకంటుంది? మేము అంటే నువ్వు బయట. మనం అంటే నువ్వు లోపల. అందరూ చూస్తుండగానే తలుపు తీసి చూపించారు, చూసే కళ్ళుండాలి, అంది.

బ్యాంకు పిల్ల వెంటనే నమ్మేసింది. అప్పటికప్పుడు ఫోన్లో నాలుగు ముక్కలు రాసి జనం మీదికి వదిలింది. మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. ఆయన సీరియళ్ళన్నీ అసలు భాషలోనే చూస్తారు, కింద అక్షరాలు చదువుకుంటూ. ఆ భాషలో మనానికీ మేముకీ ఒకటే మాట, అందులో లోపలా బయటా ఏమీ లేదు, ఇదంతా డబ్బింగ్ రాసినవాడు పరాకుగా రాసిన ముక్క అని ఆయన వాదన.

"పరాకుగా మనకీ మాకూ తేడా మర్చిపోయేవాడు తెలుగెలా రాస్తాడు మాస్టారూ?" అంది వదిన. "పెళ్ళివారింటికి వెళ్ళి 'మన పిల్లని ఇస్తాం' అంటారా ఎవరైనా?"

అమ్మడికి టీ కొరబోయింది. బ్యాంకు పిల్ల వీపు నిమిరింది.

మాస్టారు ఊరుకోలేదు, వదిన అంతకంటే ఊరుకోలేదు. మాటా మాటా పెరిగి పందెం దాకా వెళ్ళింది. పైలట్ నీలివాళ్ళ పిల్లే అయితే మాస్టారు వచ్చే సీజనంతా తెలుగులోనే చూడాలి. కాకపోతే సిస్టర్ గారు కుర్చీ వదిలేసి, మేడ ఎక్కడం మానెయ్యాలి. ఆ రెండోది ఎవరూ అడగలేదు. వదినే పెట్టింది. మాస్టారు అంత పెద్ద మాట వద్దన్నారు కూడా. ఆమె చార్టు కింది వరస గడగడా చదివి, పందెం ఖాయం అంది.

అమ్మడికి కొరబోయిన కారణం వేరు. ఆ మాట రాసింది ఆమే.

అమ్మడు డబ్బింగ్‌కి మాటలు రాస్తుంది. ఆ సంగతి ఇంట్లో తెలుసు. ఏ సీరియల్‌కి రాస్తోందో ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదని స్టూడియో నిబంధన. అందుకని గది తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మాట్లాడే కుందేళ్ళ బొమ్మల కార్యక్రమానికి రాస్తున్నానని చెప్పింది. కుందేళ్ళకి రాయడం అబద్ధం కాదు, అదీ రాస్తుంది. వారం వారం స్టూడియో నుంచి ఒక్కో భాగమే వస్తుంది. తర్వాత ఏం జరుగుతుందో అమ్మడికీ తెలియదు. తెర మీద పెదవులు ఎక్కడ కలిస్తే అక్కడ ప, బ, మ పడేలా చూసుకుంటూ, అదే మాటని ఆగి ఆగి పైకి అనుకుంటూ రాయాలి. ఆ గుహ సీను రాసిన రోజు వైద్యురాలి పెదవులు కలిశాయి. మనమన్నా, మేమన్నా అక్కడ సరిపోయేది. చేతికి మనం వచ్చింది, రాసేసింది. ఎందుకు వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

పందెం జరిగిన కొన్ని వారాలకి, ఒక సోమవారం చివరి భాగం చేతికొచ్చింది. అమ్మడు తలుపు వేసుకుని చూసింది. పైలట్ అచ్చంగా మనిషే. ఆ సరస్సు నీళ్ళు తగిలితే ప్రాణం పోతుంది. నీలివాళ్ళందరూ నీళ్ళలోకి దిగిపోతుంటే ఈ పిల్ల కూడా వెనకే పరుగెడుతుంది. వైద్యురాలు ఒడ్డున ఆపేస్తుంది. "మేము వెళ్తాం. నువ్వు ఉండిపో." ఇక్కడ ఇంకో మాట రాయడానికి వీల్లేదు. అమ్మడు అలాగే రాసి, చాలాసేపు ఆ వాక్యం వైపే చూస్తూ కూర్చుంది. బయట వదిన ఫోన్లో బ్యాంకు పిల్లకి, ఎత్తుకుపోయినవాళ్ళు ఎవరై ఉంటారో వివరిస్తోంది.

రాత్రి అన్నాల దగ్గర అమ్మడు కదిపి చూసింది. ఒకవేళ అలా కాకపోతే ఏం చేస్తావు వదినా అని.

"కాకపోవడమేంటి?"

"రాసినవాళ్ళు మామూలుగా రాసి ఉండొచ్చుగా."

"మామూలుగా ఎవరూ మనం అనరు. నువ్వు కుందేళ్ళకి రాసుకుంటావు కాబట్టి నీకలా ఉంటుంది," అంది వదిన, పెరుగు వడ్డిస్తూ. కాకపోతే మాత్రం మాట మీద నిలబడతానంది. డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ అన్న మాట తప్పలేదు, ఇప్పుడు టీవీ కోసం తప్పుతానా అంది. అమ్మడు కంచంలో పెరుగు కలుపుతూనే ఉంది. కుక్కర్‌కి జవాబు చెప్పే రోజులు మళ్ళీ వచ్చేలా ఉన్నాయి, అదీ తను రాసిన ఒక్క మాట వల్ల.

స్టూడియోకి వెళ్తే అక్కడ ఇంకో గొడవ. గోడలకీ పైకప్పుకీ మెత్తటి దిళ్ళు అతికించిన చిన్న గది అది. చెప్పుల కిర్రు కూడా మైకు పట్టేస్తుందని అందరూ సాక్సులతో తిరుగుతారు. వైద్యురాలికి గొంతు ఇచ్చే ఆవిడ పొద్దున్నే కడుపు నిండా తిని వస్తుంది, ఆకలి చప్పుడు కూడా రికార్డవుతుందట. అద్దం అవతల డబ్బింగ్ ఇన్‌ఛార్జి ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. బ్యాంకు పిల్ల రాసిన నాలుగు ముక్కలు ఊళ్ళన్నీ తిరిగి పైవాళ్ళ దాకా వెళ్ళాయి. మా కథలో లేని రహస్యం తెలుగులో ఎక్కడి నుంచి వచ్చిందని వాళ్ళు అడిగారు.

"ఏం కొంప మునగలేదులే," అన్నాడతను. "మూడో భాగంలో మనం ఉన్నచోటల్లా తీసేసి నువ్వు, నీకు, మేము అని చెప్పించి అతికించేద్దాం. మళ్ళీ చూసినవాళ్ళకి అదే వినిపిస్తుంది. ముందు విన్నవాళ్ళు తప్పు విన్నామనుకుంటారు."

అమ్మడికి మాస్టారు కనిపించారు. చివరి భాగం అయ్యాక ఆయన తప్పకుండా మూడో భాగం తెలుగులో పెట్టించి వింటారు. అందులో మేము అని ఉంటుంది. వదిన ఓడిపోవడమే కాదు, చెవులు కూడా పోయాయన్నమాట. తప్పు తనది, వయసు మీద పడిన చెవులు మాత్రం వదినవి.

"మార్చకండి," అంది. "అది పొరపాటు కాదు."

ఆ ముక్క అనేశాక దానికి కారణం వెతుక్కుంది. ఇన్‌ఛార్జి చేతులు కట్టుకుని చూస్తున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ గుహ సీను రాస్తున్నప్పుడు తన చెవిలో మోగిన గొంతు. కడుపుకి ఆపరేషన్ అయి ఇంటికొచ్చి పడుకున్న రోజులవి. వదిన పక్కన కూర్చుని, ఇవాళ మనం రెండు ముద్దలు తిందాం, మనం నెమ్మదిగా పక్కకి తిరుగుదాం, మనకి కుట్లు మానిపోతున్నాయి అనేది. కుట్లు అమ్మడివి. తిన్నదీ తిరిగిందీ అమ్మడే.

ఆ కథంతా చెప్పలేదు. గొంతు ఇచ్చే ఆవిడ వైపు తిరిగి, ఆ మాటలు చెప్పేటప్పుడు నీకు ఎవరు గుర్తొచ్చారని అడిగింది.

"మా పళ్ళ డాక్టరు," అందావిడ వెంటనే. "మనం నోరు పెద్దగా తెరుద్దాం అంటాడు. ఆయన మాత్రం ఎప్పుడూ తెరవడు."

ఇన్‌ఛార్జికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుని ఆపుకోలేకపోయాడు. అతనికి నడుం నొప్పి, వ్యాయామం చేయించే కుర్రాడు వస్తాడు. మనం వంగుదాం సార్ అంటాడట, వంగేది ఒక్కరే. కాసేపు గడ్డం గోక్కుని, సరే ఉండనిద్దాం, పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను అన్నాడు. చివరి భాగంలో మేము మాత్రం గట్టిగా పలకాలన్నాడు. ఆవిడ పలికింది. ఒడ్డున పిల్లని ఆపేసే ఆ మాట ఎంత బాగా వచ్చిందంటే, రెండోసారి చెప్పించాల్సిన పని లేకపోయింది.

వదిన చెవులు దక్కాయి. కుర్చీ ఎలా దక్కుతుందో అమ్మడికి తెలియలేదు.

శుక్రవారం చివరి భాగం వచ్చింది. వదిన సోఫాలో ముందుకి జరిగి కూర్చుని చూసింది. సరస్సు ఒడ్డు సీను వచ్చింది. "మేము వెళ్తాం. నువ్వు ఉండిపో." పేర్లు పడుతుండగానే వదిన టీవీ కట్టేసి, వంటింట్లోకి వెళ్ళి గట్టు తుడిచింది. అది అంతకుముందే తుడిచి ఉంది.

శనివారం వెళ్ళొద్దులే అని అమ్మడు అనబోయింది. వదిన అప్పటికే చీర మార్చుకుని, బీపీ చూసే మెషీన్ సంచిలో పెట్టుకుంటోంది. చెప్పకుండా మానేస్తే పారిపోయినట్టుంటుంది, వెళ్ళి చెప్పి మానేస్తానంది.

మేడ మీద ఎవరూ మొదలు పెట్టలేదు. షాపాయన లేని దుమ్ము తుడుస్తున్నాడు. బ్యాంకు పిల్ల ఫోన్ బోర్లా పెట్టేసింది. ఆమె వదిలిన ముక్కలకి జనం పెట్టిన చివాట్లు అందులో ఉన్నాయి. అందరికంటే ఇబ్బందిగా ఉన్నది మాస్టారు. గెలిచిన మనిషి కాళ్ళ వేళ్ళు చూసుకుంటూ, ఆ పందెం సంగతి వదిలేద్దాం సిస్టర్ గారూ అన్నారు. వదిన వినిపించుకోలేదు. ముందు చెయ్యి ఇలా పెట్టండి అంది.

ప్రతి శనివారం మాటలకి ముందు మాస్టారి బీపీ చూడటం అలవాటు. ఆమె పట్టీ చుట్టింది. స్టెత్ చెవులకి పెట్టుకుని రబ్బరు బుడ్డి నొక్కి, వింటూ గాలి కొద్దికొద్దిగా వదిలింది. నమ్మకం కలగక మళ్ళీ బిగించి చూసింది.

"పై అంకె పెరిగింది మాస్టారూ. మనం ఉప్పు తగ్గించడం లేదు."

"మీకేం, మీరు బాగానే ఉన్నారుగా," అన్నారు మాస్టారు. "పెరిగింది నాకు."

వదిన అలాగే ఉండిపోయింది. బుడ్డి చేతిలో, పట్టీ బిగిసి ఆయన చేతికి. ఏదో లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా గోడ మీది చార్టు వైపు చూస్తోంది.

"సిస్టర్ గారూ, చెయ్యి," అన్నారు మాస్టారు కాసేపటికి. "తిమ్మిరెక్కుతోంది."

ఆమె గాలి వదిలేసి, మూడో భాగం ఒకసారి పెట్టమని షాపాయనని అడిగింది. గుహ వచ్చింది. నీలిరంగు చెయ్యి పైలట్ నుదుటి మీద. మనం భయపడకూడదు. మనకి బాగవుతుంది. అమ్మడు ఫ్లాస్కు మూత బిగిస్తూ, విప్పుతూ కూర్చుంది.

"ఇది చుట్టరికం కాదు," అంది వదిన. "ఇది డ్యూటీ. నా బతుకంతా ఈ మాటే అన్నాను, నాకే వినపడలేదు. మంచం మీద ఉన్నవాళ్ళతో మనం అంటాం. మనకి తగ్గిపోతుంది అంటాం. షిఫ్టు అవగానే సంచి తీసుకుని మేము ఇంటికి పోతాం. వాళ్ళు ఉంటారు."

బ్యాంకు పిల్ల మెల్లిగా, చివర్లో ఒడ్డున అన్నది అదేనా అని అడిగింది.

అదేనంది వదిన. నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు మేము అంది. రాసినవాళ్ళు పరాకుగా రాయలేదు మాస్టారూ, నేనే పరాకుగా విన్నాను. నాది ఓటమే, అని సంచి జిప్పు లాగి లేచింది.

మాస్టారు చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ, తాను చూసినదాంట్లో ఆ తేడా లేదని ఒప్పుకున్నారు. ఉన్నా తనకి ఆసుపత్రి మంచాలు తెలియవు కాబట్టి పట్టుకునేవాడిని కాదన్నారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"పందెం పందెమే. మీరు మానెయ్యండి. వచ్చే శనివారం నా బీపీ ఎవరు చూస్తారో అది కూడా చెప్పి మానెయ్యండి. పెరిగిందన్నారు కదా."

వదిన ఆలోచించింది. డ్యూటీ మధ్యలో వదిలెయ్యడం ఆమె వల్ల కాదు. బీపీ చూడ్డానికి వస్తాను, చూసి ఒక పక్కన కూర్చుంటాను, మాట్లాడను, అంది.

"మాట్లాడకుండా మనం ఉండగలమా సిస్టర్ గారూ?" అంది బ్యాంకు పిల్ల, ఆసుపత్రి గొంతుతో.

అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వి, తన కుర్చీ వదిలేసి గోడవార ఉన్న స్టూలు మీద కూర్చుంది. టీ కప్పుల్లోకి వచ్చేదాకా నోరు మెదపలేదు. ఆ తర్వాత బ్యాంకు పిల్ల, డ్రాగన్ కాలికి తగిలిన బాణం ఒక్క రాత్రిలో మానిపోయిందని చెప్పడం మొదలుపెట్టింది. స్టూలు మీద వదిన ఇటు కదిలింది, అటు కదిలింది. చీము పట్టకుండా ఎలా మానుతుందో చెప్పమని చివరికి అడిగేసింది. షాపాయన కుర్చీని స్టూలు దగ్గరికి జరిపాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ నడిచే వచ్చారు. వదిన సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"ఆ మాటలు రాసినావిడ ఎప్పుడో ఆపరేషన్ చేయించుకుని పడుకున్న మనిషే."

"ఆవిడ అని నీకెలా తెలుసు?" అంది అమ్మడు.

ఇస్త్రీ బండి దాటాక, రోడ్డు మలుపు దగ్గర వదిన అంది: "కుందేళ్ళకి అంతేసి పొద్దు తలుపు వేసుకుని రాయాలంటే, అవి చాలా మాట్లాడే కుందేళ్ళు అయ్యుండాలి."

అమ్మడు చెప్పులు చూసుకుంటూ నడిచింది. అవునని అనలేదు, కాదనీ అనలేదు. చెప్పకూడని మాట వదినా అడగలేదు. ఇంటికొచ్చాక కుక్కర్ పెట్టి, అది కూత వేస్తే పట్టించుకోకుండా, వదిన వచ్చి అమ్మడి గది గుమ్మం దగ్గర నిలబడింది.

"వచ్చే సీజన్‌కి కూడా తలుపు వేసుకునే రాసుకో. ఏం జరుగుతుందో పొరపాటున కూడా నాకు చెప్పకు. ముందే తెలిస్తే ఆ మాస్టారితో దెబ్బలాడుకోవడానికి మనకేం మిగులుతుంది?"